నీళ్లొద్దు మేడం

మే నెల, మధ్యాహ్నం రెండున్నర. మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తు. బెల్లు మోగితే తలుపు తీశాను. డెలివరీ అతను గోడకు జారగిలబడి ఉన్నాడు. హెల్మెట్ తీయలేదు. చెమట చెంపల మీంచి గడ్డం దాకా ధార కట్టింది. చేతిలో నేను ఆర్డర్ పెట్టిన పెరుగు ప్యాకెట్లు, చల్లగా. వాటిని పట్టుకున్న చెయ్యి మాత్రం అప్పుడే పెనం మీంచి తీసినట్టుంది.

"కాసిన్ని నీళ్లు తాగి వెళ్లండన్నా" అన్నాను.

"నీళ్లొద్దు మేడం. తాగితే మళ్లా యాడికి పోవాలె?"

ఎక్కడికేంటి, తర్వాతి ఆర్డర్‌కి కదా అనుకున్నాను. అతను లిఫ్టెక్కి, తలుపు మూసుకున్నాక గానీ నా బుర్రకెక్కలేదు.

మీకు అర్థమైందా? లేక మీకూ లిఫ్టు తలుపు మూసుకోవాలా?

ఒంటికి వెళ్లడానికి ఎక్కడికి పోవాలి అని అడిగాడు. ఆ ఎండలో, ఆ దాహంలో, ఎదురుగా గ్లాసు పెట్టినా వద్దన్నాడు. తాగితే వస్తుంది. వస్తే ఇంత పెద్ద నగరంలో అతనికి చోటు లేదు.

ఇది మీకు తెలీదా? నిజంగా తెలీదా? మెట్రో పిల్లర్ వెనక, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, ఖాళీ ప్లాటు గోడకు ఎదురుగా, వీపున రంగు సంచి తగిలించుకుని నిలబడ్డ మనిషిని మీరెప్పుడూ చూడలేదా? చూశారు. ముక్కు మూసుకుని, "ఛీ, సిగ్గులేదు వీళ్లకు" అనుకుని, కారు అద్దం ఎక్కించుకుని పోయారు.

సిగ్గు ఎవరికి లేదు?

ఏటా ఎండలు ముదరగానే ఆరోగ్య సూత్రాలు మొదలవుతాయి. రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగండి. గంటకోసారి బండి దిగి నడుము సాగదీయండి. వేళకు భోంచేయండి. ఎండలో పన్నెండు నుంచి మూడు దాకా బయట తిరగకండి. ఏడెనిమిది గంటలు నిద్రపోండి. బండి మీద బతికేవాడు పది కాలాలపాటు ఆరోగ్యంగా ఉండాలంటే ఇవి పాటించాలట.

ఎవరికి చెబుతున్నారు ఇవన్నీ?

పన్నెండు నుంచి మూడు దాకానే కదా మీరు భోజనం ఆర్డర్ పెట్టేది! అదే కదా అతని పీక్ అవర్! ఆ మూడు గంటలూ నీడన కూర్చుంటే ఆ రోజు ఇన్సెంటివ్ ఎవరిస్తారు? సూత్రం రాసినవాడిస్తాడా?

ఆ పెరుగు తెచ్చినాయన తర్వాత కూడా రెండు మూడుసార్లు వచ్చాడు. ఓ బుధవారం, ఆన్‌లైన్ ఆర్డర్ల సరుకు ఉంచే డార్క్ స్టోర్ ఎదురుగా చాయ్ బండి దగ్గర కనిపిస్తే మాటల్లో పెట్టాను. సూర్యాపేట వైపు నుంచి వచ్చాడు. వయసు 41. ఈ పనిలో ఎనిమిదో ఏడు. పేరు రాయను. రాస్తే ఐడీ బ్లాక్ చేస్తారని అతని భయం. ఆ భయం నిజమో కాదో పక్కన పెట్టండి. తన నడుము నొప్పి గురించి చెప్పుకోవడానికి కూడా ఒక మనిషి భయపడుతున్నాడు. అది చాలదా?

చాయ్ గ్లాసు ఎడమచేత్తో పట్టుకున్నాడు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని వేళ్లు మూస్తూ తెరుస్తూ ఉన్నాడు. ఎడమచేతి వాటమా అని అడిగాను.

"కాదు మేడం. కుడిచేతికి వేడి తెలుస్తలేదు. బొటనవేలు, ఈ రెండు వేళ్లు. మొన్న కాలింది కూడా, చూసుకోలే."

ఎనిమిదేళ్లుగా యాక్సిలరేటర్ తిప్పిన చెయ్యి అది. బ్రేకు కూడా ఆ చేతికిందే. మణికట్టు అలా వంచి, బిగించి, బండి అదురుతుంటే గంటలకొద్దీ పట్టుకుంటే లోపల నరం నలుగుతుంది. ముందు తిమ్మిరి, తర్వాత మొద్దుబారడం, ఆ తర్వాత పట్టు తప్పడం. రాత్రి పూట చెయ్యి విదిలించుకుంటూ నిద్ర లేస్తాడట. డాక్టర్‌కు చూపించారా అన్నాను. నవ్వాడు. ఆ నవ్వు నేను రాయలేను.

జేబులోంచి బిళ్లల పట్టీ తీశాడు. నొప్పి బిళ్లలు. పదింటిలో ఆరు ఖాళీ. సోమవారం కొన్నాడట. ఆ రోజు బుధవారమని చెప్పాను కదా.

"తిన్నంక వేసుకోమన్నడు షాపాయన. నేను తినేది నాలుగింటికి. నొప్పి పదకొండింటికే వస్తది."

అందుకని ఖాళీ కడుపున వేసుకుంటాడు. నీళ్లు తాగని ఒంట్లో వేసుకుంటాడు. ఆ బిళ్ల కడుపులో పుండు చేస్తుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు వెళ్లే రక్తాన్ని ఇంకా తగ్గిస్తుంది. చెమట రూపంలో పోయిన నీటికి బదులు నీరు పడదు, మూత్రం చిక్కబడుతుంది, గంటలకొద్దీ బిగబట్టుకుంటాడు, మంట మొదలవుతుంది, రాళ్లు కడతాయి. నడుము నొప్పికి వేసుకున్న బిళ్ల కిడ్నీ మీదికి వస్తుంది. కిడ్నీ దగ్గర నొప్పి వచ్చినా అది నడుమే అనుకుని ఇంకో బిళ్ల వేసుకుంటాడు.

వింటున్నారా?

ఇక ఆ నడుము. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుకు సొంతంగా రక్తనాళాలు ఉండవు. మనిషి వంగి, లేచి, నడిస్తేనే దానికి పోషణ అందేది. అలాంటిదాన్ని గంటలపాటు ఒక్క తీరున కూర్చోబెట్టండి. వీపుకు సంచి తగిలించండి. కింది నుంచి గుంతలతో, స్పీడ్ బ్రేకర్లతో, మ్యాన్‌హోల్ మూతలతో గుద్దులు గుద్దండి. రోజుకు పన్నెండు గంటలు. ఎనిమిదేళ్లు. ఆ తర్వాత అతని ముందు నిలబడి, వ్యాయామం చెయ్యడం లేదా నాయనా అని అడగండి.

మా వాళ్లలో ఒకాయన అడిగారు కూడా. "రోజంతా తిరుగుతూనే ఉంటారు కదా, వీళ్లకు వ్యాయామం దానంతటదే అయిపోతుంది" అన్నారు. రిటైర్డ్ ఇంజినీరు. చదువుకున్న మనిషి.

తిరిగేది బండి సార్. మనిషి కూర్చునే ఉంటాడు.

మీరొక్క సంగతి చెప్పండి. ఈ పనిలో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైన మనిషిని ఎక్కడైనా చూశారా? ఆర్టీసీ డ్రైవర్ రిటైరైతే డిపోలో దండ వేస్తారు, శాలువా కప్పుతారు, చివరి ట్రిప్పు ఫొటో తీసుకుంటారు. పోస్ట్‌మ్యాన్ కూడా డెలివరీయే చేశాడు, సైకిల్ మీద, ఇదే ఎండలో. కానీ అతనికి తిరిగొచ్చి కూర్చోవడానికి ఒక పోస్టాఫీసు ఉంది. అందులో కుర్చీ ఉంది, నీళ్లున్నాయి, మరుగుదొడ్డి ఉంది, నెలాఖరుకు జీతం ఉంది. దసరాకు మన ఇళ్ల దగ్గర మామూలు కూడా ఉండేది. అతని పేరు మన అమ్మమ్మలకు తెలుసు.

ఈయన పేరు మీ ఫోన్‌లో పది నిమిషాలు ఉంటుంది. తర్వాత పోతుంది.

ఆ పది నిమిషాల్లోనూ మీరు చూసేది పేరు కాదు. మ్యాపు మీద బండి బొమ్మ కదులుతోందా లేదా అని.

1961లోనే ఈ దేశంలో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. లారీ నడిపేవాడికీ బస్సు నడిపేవాడికీ రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని అని అందులో రాశారు. వరసగా ఐదు గంటలు పనిచేశాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలన్నారు. రాత్రి ఆగాల్సిన చోట విశ్రాంతి గది ఉండాలన్నారు. అది ఏ మేరకు అమలైందో లారీ డ్రైవర్లను అడగండి, వాళ్లూ నవ్వుతారు. అయినా కనీసం కాగితం మీద రాయాలన్న ఇంగితం ఉంది. చక్రం పట్టుకున్నవాడికి ఒక ఒళ్లుంటుందని, అది అలిసిపోతుందని, అరవై ఏళ్లకు పైగా కిందటే ఈ దేశానికి తెలుసు.

మరి ఇప్పుడేమైంది?

ఇప్పుడు అతను కార్మికుడు కాదు. పార్ట్‌నర్!

ఎంత ముద్దుగా ఉందో మాట. బండి అతనిది, పెట్రోలు అతనిది, ఫోను అతనిది, పడితే విరిగే కాలు అతనిది. ఇదేం భాగస్వామ్యం? లాభాల్లో వాటా ఏది? పోనీ, కంపెనీ ఆఫీసు మరుగుదొడ్డి తాళంలోనైనా వాటా ఉందా?

కేంద్రం సామాజిక భద్రతా కోడ్ చేసింది. గిగ్ వర్కర్ అనే మాటను చట్టంలోకి తెచ్చింది. కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం దాకా వీళ్ల సంక్షేమానికి కట్టాలంది. ఎప్పుడు? 2020లో. అమల్లోకి వచ్చిందెప్పుడు? 2025 నవంబరులో. పది నిమిషాల్లో కొత్తిమీర కట్ట ఇంటికి రావాలి. చట్టం గడప దాటడానికి ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో ఒక్క నడుము ఎన్ని స్పీడ్ బ్రేకర్లు ఎక్కి దిగిందో లెక్కపెట్టినవాళ్లున్నారా? రాజస్థాన్ 2023లో సొంత చట్టం చేసింది. మన తెలంగాణ 2025 ఏప్రిల్లో ముసాయిదా బయటపెట్టింది. 2020-21 నాటికే దేశంలో గిగ్ పనివాళ్లు 77 లక్షల మంది అని, 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలవుతారని నీతి ఆయోగ్ 2022లోనే రాసింది. అంటే లెక్క ఉంది. మనుషులున్నారని తెలుసు. ఎంతమంది అవుతారో కూడా తెలుసు.

వాళ్లు ఒంటికి ఎక్కడికి వెళ్తారన్న లెక్క మాత్రం లేదు.

బీమా ఉంది కదా అంటారు. నాకు తెలుసు, మీరు ఈపాటికి అనే ఉంటారు. ఉంది. రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. 2025 బడ్జెట్‌లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ కిందికి తెస్తామంది. మంచిదే. కాదనను. కానీ చూడండి, ఒకటి చస్తే ఇస్తుంది. రెండోది ఆస్పత్రిలో మంచమెక్కితే ఇస్తుంది. చావకుండా, మంచమెక్కకుండా, రోజుకు రెండు బిళ్లలతో ఎనిమిదేళ్లుగా కొంచెం కొంచెం అరిగిపోతున్నవాడికి ఏమిస్తారు? మొద్దుబారిన మూడు వేళ్లకు ఏ పథకం? ఒక పూట డాక్టర్ దగ్గర కూర్చుంటే పోయే లాగిన్ గంటలకు ఏ పథకం?

ఇక్కడ ఊపిరి పీల్చుకోండి. ఎందుకంటే ఇప్పుడు నేను ఆగను.

ఖాళీగా ఉన్న లిఫ్టులో ఎక్కనివ్వకుండా సర్వీసు లిఫ్టులోనే రమ్మనడం, అది చెడిపోయిన రోజున పది కిలోల బియ్యం సంచితో ఆరంతస్తులు మెట్లెక్కించడం, గేటు బయటే బండి పెట్టించి లోపల అర కిలోమీటరు నడిపించి ఆలస్యమైందని ముఖం మాడ్చుకోవడం, హోటల్లో ఖాళీ కుర్చీలుండగా బయట ఏసీ వేడిగాలి కొట్టే చోట నిలబెట్టడం, ఆకలితో ఉన్నవాడి ఒళ్లోనే వేడివేడి బిర్యానీ పెట్టి మోయించడం, మెట్ల మీద కూర్చుంటే లేవగొట్టడం, చెట్టు కింద ఆగితే వాచ్‌మన్ చేత తరిమించడం, బండి నడుపుతుండగా ఫోన్ చేసి ఎక్కడున్నావని అరవడం, ఎత్తకపోతే ఎత్తలేదని అరవడం, తప్పు లొకేషన్ మనమే పెట్టి తిరిగిన తిరుగుడంతా అతని పెట్రోల్లోంచి పోనివ్వడం, సిగ్నల్ దగ్గర లారీ పొగ గొట్టం అతని ముఖానికి సూటిగా ఉండగా పక్కన కారులో మనం అద్దాలు బిగించుకుని గాలి బాగాలేదని మాట్లాడుకోవడం, జడివానలో రోడ్లు చెరువులైన రాత్రి సరిగ్గా అప్పుడే మిర్చిబజ్జీ తినాలనిపించడం, అర్ధరాత్రి ఒంటిగంటకు ఐస్‌క్రీం తెప్పించుకుని కరిగిందని ఫొటో తీసి పంపడం, జారిపడ్డానని ఫోన్ చేస్తే ఆర్డర్ పాడైందా అని మొదటి ప్రశ్న అడగడం, జ్వరమొచ్చి రెండ్రోజులు లాగిన్ కాకపోతే వారం ఇన్సెంటివ్ మొత్తం ఎగరగొట్టడం, ఈ పనిలోకి వచ్చిన ఆడపిల్ల నెలసరి రోజున ప్యాడ్ మార్చుకోవడానికి ఏ పెట్రోల్ బంకు తాళం కోసం బతిమాలుకుంటుందో ఊహించనైనా ఊహించకపోవడం, నలభై ఒక్కేళ్ల మనిషిని, పెళ్లికెదిగిన కూతురున్న మనిషిని, బాయ్ అని పిలవడం, 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో పెంపుడు కుక్క తరిమితే మూడో అంతస్తు నుంచి పడి ఓ డెలివరీ కుర్రాడు చనిపోయాక కూడా తలుపు తీసేముందు కుక్కను కట్టెయ్యకపోవడం, పైగా నవ్వుతూ ఏమీ చెయ్యదులే రా అనడం.

ఇందులో మీకు తెలియనిది ఏదైనా ఉందా?

ఒక్కటి చూపించండి.

"మేం అడిగామా పది నిమిషాల్లో తెమ్మని? కంపెనీలే ఇస్తున్నాయి" అంటారు. పదకొండో నిమిషంలో ఫోన్ తీసింది ఎవరు మరి? నేనూ తక్కువేం తినలేదు. మార్చిలో దోసెపిండి ప్యాకెట్ ఓ మూల చిరిగొచ్చిందని రెండు నక్షత్రాలు ఇచ్చాను. వేలు అలా ఆడించాను, అంతే. ఆ వేలికి ఏ తిమ్మిరీ లేదు.

"ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చు కదా" అనేవాళ్లకు జవాబు చెప్పను. వాళ్లు మానేసి చూపించమనండి. నెల వాయిదా, ఇంటద్దె, పిల్లల ఫీజు నెత్తిన పెట్టుకుని.

మన కడప, కోనసీమ జనం పొట్ట చేతపట్టుకుని కువైట్ వెళ్తారు. అక్కడ పనివాళ్ల కష్టాలు మనకు కథలు కథలుగా తెలుసు. ఆ కువైట్‌లో కూడా నడివేసవిలో పగలు 11 నుంచి 4 దాకా బైకు మీద డెలివరీ చేయించకూడదని నిబంధన పెట్టారు. దుబాయిలో డెలివరీ వాళ్ల కోసం ఏసీ విశ్రాంతి గదులు కట్టారు. దూరమెందుకు, చెన్నై కార్పొరేషన్ 2025లో అన్నానగర్‌లో, టీనగర్‌లో గిగ్ పనివాళ్లకు ఏసీ గదులు తెరిచింది. కూర్చోవడానికి చోటు, ఫోన్ చార్జింగ్, మరుగుదొడ్డి.

ఒక గది. ఒక గది చాలు మొదలుపెట్టడానికి. ఐమాక్స్ కట్టుకున్నాం, తీగల వంతెన కట్టుకుని దానికి రంగు దీపాలు పెట్టుకున్నాం. ఒక గది కట్టలేమా?

గది కూడా వద్దు. ఉన్న గదికి తాళం తీస్తే చాలు.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జనరేటర్ వెనక ఒక బాత్రూం ఉంది. డ్రైవర్ల కోసమని బిల్డర్ కట్టాడు. ఏళ్లుగా తాళం. లోపల విరిగిన క్రిస్మస్ స్టార్లు, వినాయకుడి మండపం కర్రలు. జూన్‌లో అసోసియేషన్ సమావేశం జరిగితే లేచి అడిగాను. దాన్ని శుభ్రం చేయించి, డెలివరీ వాళ్లు వాడుకోవడానికి తెరిచి ఉంచుదాం, పక్కన ఓ నీళ్ల కుండ పెడదాం, నెలకు ఇంటికి యాభై రూపాయలు కూడా కాదు అని.

నిశ్శబ్దం. తర్వాత ఒక్కొక్కరూ.

వాసన వస్తుందన్నారు. సెక్యూరిటీ సమస్యన్నారు. ఎవరు కడుగుతారన్నారు. మా చిన్నమ్మాయి సెల్లార్‌లో సైకిల్ తొక్కుతుందండీ అన్నారు. అన్నింటికంటే గొప్ప మాట రెండో అంతస్తు ఆవిడ అన్నది. "ఒకసారి తెరిస్తే వీళ్లకు అలవాటైపోతుంది."

ఏది అలవాటైపోతుంది అమ్మా? మూత్రమా?

నిజంగానే అడిగాను. గొంతు పెరిగింది. మా ఆయన నా చీర కొంగు పట్టి లాగారు. ఓటింగ్ పెట్టారు. 48 ఫ్లాట్లు. చేతులెత్తింది ముగ్గురం. అందులో ఒకాయన జిమ్ సంగతనుకుని ఎత్తి, తర్వాత దించేసుకున్నారు.

జిమ్ తీర్మానం మాత్రం ఏకగ్రీవం. ఉన్న రెండు ట్రెడ్‌మిల్లులూ సాయంత్రం ఖాళీ ఉండటం లేదట. మూడోది కొనాలి, ఏసీ పెట్టాలి. కూర్చుని కూర్చుని నడుములు పట్టేస్తున్నాయట అందరికీ.

ఆ మూడో ట్రెడ్‌మిల్ మొన్న శుక్రవారం వచ్చింది. సర్వీసు లిఫ్టులో పట్టలేదు. తెచ్చిన ఇద్దరు కుర్రాళ్లు ముందొకరు, వెనకొకరు, మెట్ల మలుపు దగ్గర గోడకు గీత పడకుండా కాపాడుతూ ఐదో అంతస్తు దాకా మోశారు. గీత పడకుండా చూడటానికి సెక్రటరీ గారు వెంట ఉన్నారు. దింపి, అట్టపెట్టె చింపి, ప్లగ్గు పెట్టి, బెల్టు తిరుగుతోందో లేదో చూపించి, సంతకం తీసుకుని కిందికి దిగారు. చొక్కాలు పిండితే నీళ్లు కారేలా ఉన్నాయి.

నేను కింద కూరగాయల బండి దగ్గర ఉన్నాను. ఇద్దరిలో చిన్నవాడు వాచ్‌మన్‌ను పక్కకు పిలిచి, నా వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి ఏదో అడిగాడు.

వాచ్‌మన్ గేటు బయటికి, మెట్రో పిల్లర్ వైపు చెయ్యి చూపించాడు.